స్పిరిట్‌తో తుడిచిన పాట

(స్వర్ణోత్సవ సమ్మేళనంలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి నెల కింద ఫోన్ చేసి, "నీ దగ్గర పాత గ్రామఫోను రికార్డులు చాలా ఉన్నాయట. వాటి గురించి, ఆ పాడినవాళ్ళ గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. సరే అనడానికి నాకు వారం పట్టింది. రికార్డుల గురించి మాట్లాడటం కష్టం కాదు. ఆదివారం పూట మా ఇంటికొచ్చిన చుట్టాలను అడగండి, ఆపమన్నా ఆపను. కానీ ఈ బడి ఆవరణలో రికార్డుల గురించి మాట్లాడాలంటే మొదట ఒక సంగతి ఒప్పుకోవాలి. అదీ కష్టం.

1984 ఆగస్టు. నేను తొమ్మిదో తరగతి. అప్పట్లో మన బడికి రెండే రేకుల షెడ్లు, మధ్యలో వేపచెట్టు. గేటు బయట జీడిమెట్ల ఫ్యాక్టరీల సైరన్లు మోగితే మనకు గంట కొట్టినట్టే. రోజూ ప్రార్థనలో 'మా తెలుగు తల్లికి' పాడేవాళ్ళం. పాడేవాళ్ళం అనడం పెద్ద మాట. ఎండ నెత్తి మీద కొడుతుంటే ఎంత తొందరగా అయిపోతే అంత మంచిదని పరిగెత్తించేవాళ్ళం. ఇప్పుడు మన పిల్లలు పొద్దున అందెశ్రీ గారి గీతం పాడుతున్నారు. అది వీళ్ళ కాలపు పాట, ఇది మా కాలపు పాట. ఏ కాలంలోనైనా పిల్లలు ప్రార్థన గీతాన్ని పరిగెత్తిస్తారనే నా అనుమానం.

మన తెలుగు సారుకు ఆ పరుగు నచ్చేది కాదు. ఆ ఏడు పంద్రాగస్టుకు మూడు రోజుల ముందు ఆయన తన స్కూటర్ వెనక కట్టుకుని ఒక నల్ల పెట్టె తెచ్చారు. తెరిస్తే గ్రామఫోను. కరెంటు అక్కర్లేదు, పక్కన కీ తిప్పితే తిరుగుతుంది. "మీరు రోజూ కాకుల్లా అరిచే పాట అసలు ఎట్లా ఉంటుందో వినండిరా" అన్నారు. కీ ఇచ్చే పని అటెండర్ తాతకు అప్పగించారు. గంట కొట్టే తాత మీకు గుర్తుండే ఉంటాడు. తాత చేతులు తుడుచుకుని, రుమాలు సర్దుకుని, లెక్కపెట్టి మరీ కీ తిప్పాడు. సారు ముల్లు పెట్టారు. చర్ మంది. తరవాత ఆ గొంతు వచ్చింది.

టంగుటూరి సూర్యకుమారి. ఆ పేరు ఆ రోజే మొదటిసారి విన్నాను. మనం పరిగెత్తించే చోట ఆమె నిలబడింది. ప్రతి మాటా విడివిడిగా వినిపించింది. మూడు నిమిషాలు ఎవరూ కదల్లేదు, సైరన్ మోగినా కదల్లేదు.

ఆమె గురించి సారు ఆ రోజు చెప్పినవి కొన్ని, తరవాత నేను తెలుసుకున్నవి కొన్ని. 1925లో రాజమహేంద్రవరంలో పుట్టింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు. పన్నెండేళ్ళు నిండకముందే సినిమాల్లోకి వచ్చింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ'లో ఉంది. 'కృష్ణప్రేమ'లో నారదుడి వేషం కట్టింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన వేళ మద్రాసు రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు కట్టిన పాట వినిపించింది ఈమె గొంతులోనే. 1952లో మిస్ మద్రాసు. 1961లో న్యూయార్కులో రవీంద్రుడి నాటకంలో రాణి సుదర్శనగా వేసి అక్కడి విమర్శకుల బహుమతి అందుకుంది. తరవాత లండన్‌లో స్థిరపడి, అక్కడి పిల్లలకు మన పాట, ఆట నేర్పుతూ 2005లో అక్కడే కన్నుమూసింది. ఇంత బతుకు బతికిన మనిషి మనకు ఒక మూడు నిమిషాల ప్లేటుగా మిగిలింది.

ఆ పాట రాసిన శంకరంబాడి సుందరాచారి గారి సంగతి ఇంకా విచిత్రం. తిరుపతి మనిషి. ఆ పాటను 1942లో వచ్చిన 'దీనబంధు' సినిమా కోసం రాశారు. సినిమావాళ్ళు వాడుకోలేదు. అక్కడితో ఆ కాగితం ఏ చెత్తబుట్టలోనో కలిసిపోవలసింది. హెచ్.ఎం.వి. వాళ్ళు సూర్యకుమారి చేత పాడించి రికార్డు వేశారు గనక బతికింది. ఆ ప్లేటు ఊరూరా తిరిగింది, జనం నోట పడింది. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన కాలానికి రాష్ట్ర గీతమై కూర్చుంది. రెండేళ్ళకు ఆయన పోయారు. సినిమా వద్దన్న పాట రికార్డు వల్ల నిలిచింది. నేను ఈ ప్లేట్ల వెంట పడటానికి ఇదొక కారణం. రెండో కారణం ఇప్పుడు చెబుతాను.

పంద్రాగస్టు నాడు జెండా ఎగరేశాక ఆ రికార్డు మైకు ముందు పెట్టి అందరికీ వినిపించాలని సారు అనుకున్నారు. పెట్టెను, రికార్డును ఆఫీసు గదిలో ఉంచి, తాతను కనిపెట్టుకుని ఉండమన్నారు. నాకేమో ఆ చర్ చర్ చప్పుడు మీద కోపం. అంత మంచి గొంతు మీద ఆ చెత్త ఎందుకు? అప్పటికి చింతల్‌లో టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్టు ఒకటుండేది. క్యాసెట్ సరిగ్గా పలకకపోతే ఆయన దూదిని స్పిరిట్‌లో ముంచి హెడ్ తుడిచేవాడు, పాట అద్దంలా వచ్చేది. నేను సైన్స్ లీడర్‌ని. ల్యాబ్ తాళం నా దగ్గర. మిగతాది మీకు అర్థమయ్యే ఉంటుంది.

పద్నాలుగో తారీకు సాయంత్రం తాత బయట ముగ్గు గీతలకు సున్నం కలుపుతున్నాడు. నేను లోపలికి వెళ్ళి సీసాలో స్పిరిట్, గుప్పెడు దూది పెట్టుకుని శ్రద్ధగా, చాలా శ్రద్ధగా, ఆ రికార్డును రెండు వైపులా తుడిచాను. దూది నల్లగా అయింది. ఎంత మురికి పోయిందో అని సంతోషించాను. ఇంకో దూది తీసుకున్నాను. అదీ నల్లగా అయింది. రికార్డు మీది మెరుపు పోయి పలక మాదిరి మొద్దుబారింది. వేలు పెడితే కాస్త అంటుకుంది. ఆరితే సరిపోతుందనుకుని కవరులో పెట్టేసి ఇంటికి వెళ్ళిపోయాను.

మరునాడు ఆరు వందల మంది ముందు ముల్లు పెడితే బియ్యం చెరిగినట్టు చప్పుడు. దాని అడుగున ఎక్కడో, బావిలోంచి పిలిచినట్టు ఆమె గొంతు. సారు రికార్డు తీసి వెలుగులో చూశారు. ఎండలో పెట్టి ఉంటాడనో, కిరసనాయిలుతో తుడిచి ఉంటాడనో అనుకున్నారు. తాతను పిలిచారు. పెద్దగా అరవలేదు. "ఇకమీద ఈ పెట్టె ముట్టుకోకు" అన్నారు, అంతే. తాత "నేను కాదు సార్" అన్నాడు ఒకసారి. రెండోసారి అనలేదు. నేను మూడో వరసలో నిలబడి ఉన్నాను.

సారు, మీరు ఇక్కడే ఉన్నారు. మీ తప్పు అందులో లేదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ పని చేసింది నేను. చెప్పకుండా ఊరుకున్నదీ నేనే.

స్పిరిట్ ఆ రికార్డును ఏం చేసిందో నాకు చాలా ఏళ్ళు తెలియదు. ఇంజినీరింగ్ చదివినా తెలియలేదు. 1999లో సుచిత్ర దగ్గర ఇల్లు కట్టుకుంటున్నప్పుడు తెలిసింది. తలుపులకు పాలిష్ పెట్టే వడ్రంగి ఒక డబ్బాలో ఎర్రటి రేకుల్లాంటివి వేసి, పైన స్పిరిట్ పోసి పక్కన పెట్టాడు. ఏమిటని అడిగితే "చపడా సార్, లక్క. రాత్రికి కరిగిపోతుంది" అన్నాడు. ఇంకెక్కడో చదివాను కదా, పాత రికార్డులు లక్కతోనే చేసేవారని! ఆ డబ్బా ముందు అలాగే నిలబడిపోయాను. నేను మురికి తుడవలేదు. ఆ పాటనే కరిగించి దూదికి ఎక్కించాను.

ఇది ఇంజినీరు బుద్ధితో చెబుతాను, వినండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత ప్లేటులో పావు వంతుకు అటూఇటూగా లక్క ఉంటుంది. మిగతాది రాతిపొడి, నూలు పీచు, నలుపు రంగుకు మసి. ఈ లక్క మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద ఒక పురుగు పెట్టే జిగురు. ప్రపంచంలో ఎక్కడ రికార్డు వేసినా లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్ళేది. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజులు చేసే లక్క, కారూసో పాడిన ప్లేటులోని లక్క అక్కచెల్లెళ్ళే. రాతిపొడి ఉంటుంది కాబట్టి ఉక్కు ముల్లు ఒక్క వైపు ఆడేసరికి అరిగిపోతుంది. ప్రతి పాటకూ కొత్త ముల్లు పెట్టాలి. పది అంగుళాల ప్లేటు మీద గాడి పొడవు లెక్క కట్టాను. ఒక్కో వైపు సుమారు 130 మీటర్లు వస్తుంది. మన గేటు నుంచి వేపచెట్టు దాకా వెళ్ళి వచ్చినంత. అందులో మూడు నిమిషాల పైచిలుకు పాట పడుతుంది. అందుకే ఆ కాలపు పాటలన్నీ మూడు నిమిషాలవి. గంట సేపు రాగం తీసే విద్వాంసులు కూడా ఆ 130 మీటర్లలో ఇమడాల్సి వచ్చింది.

మన దేశంలో ఈ కథ కలకత్తాలో మొదలైంది. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున గైస్‌బర్గ్ అనే ఆయన ఒక హోటల్ గదిలో గౌహర్ జాన్ చేత పాడించాడు. పాట చివర ఆమె ఇంగ్లీషులో తన పేరు చెబుతుంది. ఎందుకో తెలుసా? ఆ ప్లేట్లు అచ్చు వేయాల్సింది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్ళకు ఏ మైనం పలక ఎవరిదో తెలియాలి కదా. మన డ్రాయింగ్ మూలలో పేరు రాసినట్టే. ఎంతో వైభవం చూసిన ఆ తల్లి 1930లో మైసూరులో పోయింది. తరవాతి రోజుల్లో మద్రాసులో పాడిన మన తెలుగు గొంతులన్నీ హెచ్.ఎం.వి. రికార్డులై తిరిగొచ్చింది కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఫ్యాక్టరీ నుంచి.

వడ్రంగి డబ్బా చూశాక నాకు పిచ్చి పట్టింది. ఆదివారం పొద్దున ఎర్రగడ్డ సంత, గురువారం జుమ్మేరాత్ బజార్, మళ్ళీ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. ఒక్క రికార్డు కోసం మొదలైతే ఇప్పుడు ఇంట్లో నాలుగు వందలున్నాయి. మా ఆవిడ లెక్క ప్రకారం ఎనిమిది వందలు. దొరకాల్సింది దొరక్కుండా వేరేవన్నీ దొరికాయి.

అట్లా దొరికిన వాటిలో నాటకాలవి ఎక్కువ. హరిశ్చంద్ర వారణాసి సీను, పాండవోద్యోగ పద్యాలు. లేబుళ్ళ మీద రాగం పేర్లు, హార్మోనియం గీతలు. ఒకాయన ఇంట్లో స్థానం నరసింహారావు గారి సత్యభామ పాట వినే భాగ్యం కలిగింది. బాపట్ల మనిషి, మీసం గీసుకుని సత్యభామ వేషం కడితే ఆడవాళ్ళు ఆయన నడక చూసి నేర్చుకునేవారని చెబుతారు. 'మీరజాలగలడా' పాట ఆయనే రాసుకున్నారు. 1966లో 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో సుశీల గారు పాడింది ఆ పాటే. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చీర కట్టు, వాలుచూపు ఏవీ కనిపించని చోట, గొంతు ఒక్కదానితోనే సత్యభామ మూతి ముడుచుకున్నట్టు తెలుస్తుంది. మా అమ్మాయికి వినిపించి, పాడింది మగాయన అంటే నమ్మలేదు.

ఇక ఘంటసాల వెంకటేశ్వరరావు గారి సంగతి. ఈ పేరు చెప్పకపోతే మా బ్యాచ్ వాళ్ళు నన్ను దిగనివ్వరు. విజయనగరంలో వారాలు చేసుకుని, మధుకరం ఎత్తుకుని సంగీతం నేర్చిన మనిషి. పత్రాయని సీతారామశాస్త్రి గారు గురువు. క్విట్ ఇండియా రోజుల్లో జైలుకు వెళ్ళొచ్చారు. మద్రాసు చేరాక గ్రామఫోను కంపెనీలో మొదట ఆ గొంతు వద్దన్నారు. తరవాత అక్కడికి వచ్చిన పేకేటి శివరాం గారు పిలిచి పాడించారు. 'దేవదాసు'లో భగవాన్‌గా వేశారే, ఆయనే. వద్దన్నవాళ్ళను నేను తప్పు పట్టను. మన మెషిన్ షాపుల్లో కూడా మొదటి శాంపిల్ రిజెక్ట్ చేసి, ఆరు నెలల తరవాత అదే పీసును నెత్తిన పెట్టుకున్న సందర్భాలు నాకు తెలుసు. కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' ఆయన గొంతులో విని పూలు కోయడం మానేసిన ఇళ్ళున్నాయి. మా అమ్మమ్మ ఇల్లు ఒకటి.

ఆయన భగవద్గీత లక్క ప్లేటు కాదు, ఎల్.పి. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయాక విడుదలైంది. తన చేతిలో అచ్చు రికార్డు పట్టుకుని చూసుకోలేదు. దాని వాద్యబృందాన్ని నడిపించినది పత్రాయని సంగీతరావు గారు, అంటే గురువు గారి కొడుకు. మధుకరం రోజుల బంధం ఆఖరి రికార్డు దాకా వచ్చింది. ఇవాళ మన ఊళ్ళో ఆ రికార్డు ఎక్కడ వినిపిస్తుందో మీకు తెలుసు. వైకుంఠరథం వస్తోందంటే ముందు ఆ గొంతు వస్తుంది. నాకు అది నచ్చదు. గీత చావుకు పాడింది కాదు. యుద్ధానికి దిగనన్నవాణ్ని లేపడానికి చెప్పింది.

ఎల్.పి. అన్నాను కదా. అది 1948లో అమెరికాలో వచ్చింది. లక్క పోయి వినైల్ వచ్చింది. వినైల్ అంటే పి.వి.సి. మన జీడిమెట్లలో సగం షెడ్లు పైపులు, ఎల్బోలు, టీలు తీసే ఆ పి.వి.సి. చుట్టమే. నేను ముప్ఫై ఏళ్ళుగా డైలు చేస్తున్నది దానికే. నికెల్ అచ్చుల మధ్య ఒక వేడి ముద్ద పెట్టి, ఆవిరితో కాచి, ప్రెస్ దించి, చన్నీళ్ళు వదిలితే అర నిమిషంలోపు రికార్డు బయటికి వస్తుంది. కంప్రెషన్ మౌల్డింగ్ చేసిన మన వాళ్ళకు ఇందులో కొత్తేమీ లేదు. కొత్తదల్లా ఆ అచ్చులో ఉన్న గీతల సన్నదనం. మనం మైక్రాన్లలో టాలరెన్సు అంటూ బడాయి పోతాం. అక్కడ ఒక గాయని ఊపిరి తీసుకోవడం కూడా గీతలో పడుతుంది.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా అబ్బాయి స్నేహితులు ఇప్పుడు కొత్త ఎల్.పి.లు కొంటున్నారు. ఇంగ్లీషువి, హిందీవి, ఒక్కోటి వేలల్లో. 2022లో అమెరికాలో సీడీల కంటే రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి, 1987 తరవాత అలా జరగడం అదే మొదటిసారి. వాళ్ళ మోజును నేను ఎగతాళి చేయను. కానీ కొత్తగా అచ్చు వేసేవాటికి నాలాంటి వాడి అవసరం లేదు. మన అటకల మీద ఉన్నవాటికి ఉంది. మీ ఊరి ఇళ్ళు ఖాళీ చేస్తున్నప్పుడు, ఇత్తడి బిందెలతో పాటు ఆ ప్లేట్లను కూడా తూకానికి వేస్తున్నారు. తూకంవాడికి అవి పనికిరావు, పగలగొట్టి పారేస్తాడు. వేయకండి. నాకు చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను, కంప్యూటర్‌లోకి ఎక్కించి మళ్ళీ మీ ప్లేటు మీకిస్తాను. నిలబెట్టి ఉంచండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే లక్క ప్లేట్లు బరువుకు పగులుతాయి. ఎండ తగలనీయకండి. దుమ్ము మెత్తని బ్రష్‌తో తుడవండి. స్పిరిట్ మాత్రం... సరే, అది చెప్పేశాను.

ఆ రికార్డు మూడేళ్ళ కింద దొరికింది. ఎర్రగడ్డలో, పాత కుక్కర్ల కుప్ప కింద, కవరు లేకుండా. అమ్మేవాడు వంద అడిగాడు. బేరం ఆడటానికి నోరు రాలేదు. అంచు నుంచి మధ్య దాకా వెంట్రుక లాంటి పగులు ఉంది. ఆడిస్తే సెకనుకు ఒకటి కంటే కాస్త ఎక్కువగా టక్ మంటుంది. పాట మొత్తంలో రెండు వందల ముప్ఫై చిల్లర. నేను లెక్కపెట్టలేదు, 78ని మూడుతో గుణించాను.

దొరికిన రోజు మొదట వెళ్ళాలనుకున్నది సారు ఇంటికి కాదు, తాత దగ్గరికి. తాత రిటైరై మెదక్ వైపు తన ఊరు వెళ్ళిపోయాడనీ, పోయి అప్పటికే చాలా ఏళ్ళయిందనీ అప్పుడే తెలిసింది. 1999లో వడ్రంగి డబ్బా చూసిన రోజే బయల్దేరి ఉంటే ఆయన ఉండేవాడు. ఇల్లు పూర్తవ్వాలి, ఆర్డర్లు ఉన్నాయి, రికార్డు దొరకనీ అప్పుడు వెళ్దాం అనుకున్నాను. చేతిలో ఏమీ లేకుండా వెళ్ళడానికి సిగ్గుపడ్డాను. ఉత్త చేతులతో వెళ్ళినా తాత చాయ్ పోసి కూర్చోబెట్టేవాడే.

ఆయన మనవరాలు మన బడిలోనే చదివింది, ఇవాళ వచ్చింది. పోయిన వారం ఆ అమ్మాయికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత "అంకుల్, మా తాత ఆ పెట్టె గురించి ఎప్పుడూ చెప్పేటోడు. పాట రాకపోయేది కానీ, కీ ఎట్ల ఇయ్యాల్నో చెయ్యి తిప్పి చూపించేటోడు" అంది. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఈ బల్ల మీద ఉన్నది సారు గారి పాత పెట్టే. నిన్ననే వాళ్ళింటి నుంచి తెచ్చి స్ప్రింగుకు గ్రీజు పెట్టాను. పనిచేస్తోంది. అమ్మా, నువ్వు ఒకసారి ఇలా రా. కీ నువ్వే ఇవ్వాలి. మరీ బిగించకు, గట్టిపడుతోందనిపించగానే ఆపు. సారు, ముల్లు మీరు పెట్టండి. కొత్తదే వేశాను. మధ్యలో టక్ టక్ మంటుంది, అది పగులు, కంగారు పడకండి. మిగతావాళ్ళు కాస్త ఆ ఫ్యాన్లు ఆపండి.